‘ఆయన’ ఏ పేజీలో ‘వాడు’ అయ్యాడు?

అమ్మాయీ,

నీ కవరు అంది నెల దాటింది. లాలూ ప్రసాద్ యాదవ్ జీవితం మీద నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ ఒకసారి చదివి బల్ల సొరుగులో పడేశాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. కంటి ఆపరేషన్ అయ్యాక ఎవరి రాతప్రతీ చదవనని తెలిసినవాళ్లందరికీ చెప్పేశాను కూడా. కానీ నీ పదిహేడో పేజీ కాలిలో ముల్లులా ఉండిపోయింది. నిన్న రాత్రి మళ్లీ సొరుగు తెరిచాను. డెబ్బై ఆరేళ్లవాణ్ని, ‘నువ్వు’ అని రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

ఆ పేజీలో ఏం చేశావో నీకైనా తెలుసా? అప్పటిదాకా ఆయన చదివారు, ఆయన గెలిచారు, ఆయన బీహార్ ముఖ్యమంత్రి అయ్యారు అంటూ వచ్చావు. 2013 సెప్టెంబర్ 30న రాంచీలోని సీబీఐ ప్రత్యేక న్యాయస్థానం పశువుల దాణా కుంభకోణం కేసులో దోషి అని తేల్చింది. ఆ తర్వాతి వాక్యమే ‘వాడు తల దించుకున్నాడు’. అక్కడి నుంచి చివరిదాకా వాడు, వాడి కొడుకులు, వాడి పార్టీ. అరవై అయిదేళ్ల మనిషికి పేరా మారేలోపు మర్యాద పోయింది. జడ్జిగారు విధించింది అయిదేళ్ల జైలు, 25 లక్షల జరిమానా. సర్వనామం మార్చమని ఆయన ఉత్తర్వులో ఎక్కడా లేదు.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ చిక్కు లేదు. మహాత్ముడికీ జేబుదొంగకూ ఒకటే మాట సరిపోతుంది. మనకు వాడు, అతను, ఆయన, వారు అని మెట్లున్నాయి. తెలుగులో కథ రాయడమంటే ఎవరిని ఏ మెట్టు మీద నిలబెట్టాలో ముందే తేల్చుకోవడం. యాభై ఏళ్లుగా నేను వాదిస్తున్నది ఇదొక్కటే, అందుకే సభల్లో నన్ను చివరి వక్తగా వేస్తారు. మనిషికి పుట్టినప్పుడు ఏ సర్వనామం ఇచ్చావో చచ్చేదాకా అదే ఇవ్వు. నేనయితే ‘ఆయన’ అనే రాస్తాను. నీకు ఒళ్లు మంటగా ఉంటే మొదటి పేజీ నుంచే ‘వాడు’ అను, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ 1990 మార్చిలో పట్నాలో ప్రమాణం చేసినవాణ్ని కూడా అలాగే అను. అదే ఏడాది అక్టోబర్ 23న సమస్తీపూర్‌లో అద్వానీ రథయాత్రను ఆపించినవాణ్నీ, 2004 నుంచి 2009 దాకా దేశం మొత్తం రైళ్లు నడిపించిన మంత్రినీ అలాగే అను. కలం ఎక్కడెక్కడ మొరాయిస్తుందో చూసుకో. నువ్వు తవ్వవలసిన చోట్లు అవే.

నీ తప్పు ఇంకా ముందే మొదలయింది. తీర్పు దగ్గర నిలబడి వెనక్కి నడుస్తూ రాశావు. అందుకే ఫుల్వరియాలో గేదెలు కాసే పిల్లవాడి ‘కళ్లలో అప్పుడే ఏదో దురాశ మెరిసేది’ అని రాయగలిగావు. ఎవరు చూశారమ్మా ఆ మెరుపు? 1950లలో, ఇప్పటి గోపాల్‌గంజ్ జిల్లాలో, ఒక పేద యాదవుల ఇంటి పిల్లవాడి కళ్లు చూసి రాసిపెట్టుకున్నది ఎవరు? శిక్ష పడిందని తెలుసు కాబట్టి నువ్వే పెట్టావు ఆ మెరుపు. రేపు పైకోర్టు కొట్టేస్తే పిల్లవాడి కళ్లు మళ్లీ తుడుస్తావా?

ఈ వెనక్కి నడిచే రాత ఇప్పుడు ఫ్యాషను. నాలుగు పుస్తకాలు తెరిస్తే మూడు ఆఖరి సన్నివేశంతోనే మొదలవుతున్నాయి. కోర్టు, కెమెరాలు, నిశ్శబ్దం, తర్వాత ‘నలభై ఏళ్ల క్రితం...’ అంటూ చుక్కలు. పాఠకుడికి ఆసక్తి కలగాలట. ఇలా రాయమని నేర్పే శిబిరాలు కూడా ఉన్నాయని విన్నాను, భోజన వసతితో సహా.

నీ కోర్టు సన్నివేశం గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. న్యాయమూర్తి సుత్తి కొట్టారని రాశావు. మన కోర్టుల్లో సుత్తి లేదు, అది సినిమా సామాను. బోనులో నిలబడ్డ మనిషి కన్నీళ్లు పెట్టుకున్నాడని రాశావు. 2013 అక్టోబర్ 3న శిక్ష ఖరారయినప్పుడు ఆయన కోర్టులో లేరు. రాంచీ బిర్సా ముండా జైల్లో వీడియో తెర ముందు ఉన్నారు. జైలు గదిలో ఒక తెర, తెరలో చిన్నగా ఒక జడ్జి, సరిగా వినిపించక ముందుకు వంగే మనుషులు. ఇంత మంచి దృశ్యం చేతిలో ఉండగా సుత్తి కోసం ఎందుకు వెళ్లావు?

ఇక అసలు సంగతి. సమోసాలో ఆలూ ఉన్నంత కాలం బీహార్‌లో లాలూ ఉంటాడనే నినాదానికి రెండున్నర పేజీలు ఇచ్చావు. పట్నా పశువైద్య కళాశాలకు ఒకటిన్నర వాక్యం. నాకు దుఃఖం వచ్చింది. ఆ కళాశాలలో ఆయన అన్న ప్యూను. చదువు అయ్యాక ఆయన కూడా అక్కడే గుమాస్తాగా పనిచేశారు. ముఖ్యమంత్రి అయిన కొత్తల్లో కొంతకాలం ఆ అన్నగారి క్వార్టర్లోనే ఉన్నారు. పశువైద్య కళాశాల గుమాస్తా ముఖ్యమంత్రి అయ్యారు, ఆయన్ను జైలుకు పంపినది పశుసంవర్ధక శాఖ బిల్లులు. కల్పించి రాస్తే మరీ అతికినట్టుందని ఏ సంపాదకుడైనా తిరగ్గొడతాడు. చరిత్ర ఉచితంగా ఇచ్చిన దాన్ని నువ్వు ఒకటిన్నర వాక్యంలో తొక్కుకుంటూ వెళ్లిపోయావు.

గుమాస్తా అనే మాట దగ్గర నేను ఆగిపోతాను, ఎందుకంటే నేనూ గుమాస్తానే. ఇరవై తొమ్మిదేళ్లు ట్రెజరీల్లో పనిచేశాను. కుంభకోణం అని నువ్వు పద్నాలుగుసార్లు రాశావు (లెక్కపెట్టాను, పాత అలవాటు), డబ్బు ఎలా బయటికి వచ్చిందో ఒక్కసారి కూడా రాయలేదు. ఖజానా అంటే ఇనప్పెట్టె, పట్టినవాడు పట్టినంత తీసుకుపోయాడన్నట్టు రాశావు. ఇనప్పెట్టె కాదమ్మా, కాగితం. శాఖలో డబ్బు డ్రా చేసే అధికారం ఉన్న అధికారి బిల్లు పెడతారు. ఆ పద్దు కింద ఈ ఏడాది ఎంత కేటాయించారో చూపించే ఉత్తర్వు ఉండాలి. ట్రెజరీలో ఒక గుమాస్తా పద్దు చూడాలి, సంతకం నమూనాతో పోల్చాలి, నిధి ఎంత మిగిలిందో చూడాలి. సరిగా ఉంటే పైకి పెట్టాలి, లేకపోతే ఆక్షేపణ రాసి వెనక్కి పంపాలి. నెల తిరిగేసరికి ఓచర్లతో సహా లెక్క, రాష్ట్రం లెక్కలు చూసే అకౌంటెంట్ జనరల్‌కు వెళ్లాలి. ఈ అంచెల్లో ఏ ఒక్కచోట ఒక్క మనిషి పెన్ను కింద పెట్టినా డబ్బు కదలదు.

బీహార్‌లో ఏళ్ల తరబడి కదిలింది. కేటాయింపు ఉత్తర్వులు దొంగవి. దాణా సరఫరా చేసినవాళ్లు కాగితం మీదే ఉన్నారు, మందులూ కాగితం మీదే వచ్చాయి. బడ్జెట్‌లో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు డ్రా అయింది. పశువుల్నీ దాణానూ మోసిన లారీలంటూ బిల్లుల్లో చూపించిన నంబర్లు వెతికితే కొన్ని స్కూటర్లవి, కొన్ని ఆటోలవి, కొన్ని కార్లవి. నేను ఇది మొదట పేపర్లో చదివినప్పుడు నవ్వలేదు. ఆ నంబరు రాసిన గుమాస్తాను ఊహించుకున్నాను. కిటికీలోంచి కనబడుతున్న స్కూటర్ నంబరే రాసి ఉంటాడు, ఇంకో నంబరు కల్పించడానికి కూడా బద్ధకించి. పైన ఎవరూ చదవరనే నమ్మకం ఎంత ఉంటే ఆ బద్ధకం వస్తుంది! 1996 జనవరి 27న పశ్చిమ సింగ్‌భూమ్ డిప్యూటీ కమిషనర్ అమిత్ ఖరే చాయిబాసాలో ఆ కాగితాలు చదివారు. అంతే, చదివారు. మొత్తం 950 కోట్ల రూపాయల దాకా ఉన్న వ్యవహారం బయటపడింది. ఆ మార్చిలో పట్నా హైకోర్టు దర్యాప్తు సీబీఐకి అప్పగించింది.

నీ వ్యాసంలో ఇదంతా లాలూతోనే మొదలయినట్టుంది. దొంగబిల్లులు ఆయన రాకముందు నుంచే ఉన్నాయి. 2013 తీర్పులో ఆయనతోపాటు మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాకు కూడా శిక్ష పడింది. నువ్వు మిశ్రా పేరే ఎత్తలేదు. లాలూ ముఖ్యమంత్రి, ఆర్థిక శాఖ కూడా తన దగ్గరే పెట్టుకున్నారు, తెలిసి కాపాడారన్నది ప్రాసిక్యూషన్ వాదన, కోర్టు అంగీకరించింది. అది రాయి, గట్టిగా రాయి. కానీ ఆయన ఒక్కరే రాత్రిపూట సంచి పట్టుకుని వెళ్లినట్టు రాయకు. అలా రాస్తే మిగతా సంతకాలన్నీ హాయిగా ఇంటికి వెళ్లిపోతాయి.

ఆ సంతకాల్లాంటిది నాది ఒకటుంది. 1979లో ఒక చిన్న పట్టణంలో సబ్ ట్రెజరీలో కొత్తగా చేరాను. పదకొండుమంది కూలీల రశీదులు జతచేసిన బిల్లు నా బల్ల మీదికి వచ్చింది, 412 రూపాయలు. పదకొండు వేలిముద్రలు. చూస్తే అన్నిటికీ అడ్డంగా ఒకే మచ్చ, పాత గాయం ఉన్న ఒకే బొటనవేలు. కొత్త ఉద్యోగం, కొత్త రక్తం. ఆక్షేపణ రాసి వెనక్కి పంపాను. సాయంత్రానికి బిల్లు తిరిగి వచ్చింది, ఈసారి పదకొండు రకాల వేళ్లు. మాకు టీ ఇచ్చే పిల్లవాడు గ్లాసు పెట్టి వెళ్తుంటే వాడి బొటనవేలికి ఊదా రంగు సిరా ఉంది. పిల్లవాడు నా వైపు చూసి నవ్వాడు కూడా. ఆ బిల్లు పాస్ చేయమని రాసి పైకి పెట్టింది నేనే. బెదిరించినవాళ్లు లేరు. డబ్బులు ఇచ్చినవాళ్లూ లేరు. అయిదున్నర అయింది, బస్సు తప్పిపోతుంది, అంతే.

దాన్ని మూడేళ్ల తర్వాత కథగా రాశాను. పంపిన పత్రిక సంపాదకుడు, పెద్ద పేరున్న మనిషి, ఇప్పుడు లేరు, 412 అనే అంకె తీసేసి ‘కొంత సొమ్ము’ అని పెట్టారు. అంకెలు పాఠకుణ్ని భయపెడతాయట. చివరి పేరా కూడా తీసేశారు. అచ్చయిన కథలో నా గుమాస్తా బిల్లు చించి పారేసి, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, వానలోకి నడిచి వెళ్లిపోయాడు. నేను రాసింది ఏప్రిల్ నెల, వాన కూడా సంపాదకుడే కురిపించుకున్నారు. ఆ కథకు బహుమతి వచ్చింది. వెళ్లి తీసుకున్నాను. శాలువా ఇప్పటికీ బీరువాలో ఉంది. నిజాయితీగల గుమాస్తా కథ రాసినాయన అని నన్ను ఇప్పటికీ పరిచయం చేస్తారు. నేను లేచి నమస్కారం పెడతాను.

అందుకే చెబుతున్నాను, నీ పుస్తకంలో చాయిబాసా ట్రెజరీ గుమాస్తా ఒకడు ఉండి తీరాలి. పరమ దుర్మార్గుడుగా వద్దు. బస్సు తప్పిపోతుందని భయపడేవాడుగా ఉండాలి.

తర్వాత, ముందుకు నడుస్తూ రాస్తే నీకు కష్టమయ్యే చోట్లు కొన్ని చెబుతాను. 1997 జూలై 5న కొత్త పార్టీ పెట్టారు. అదే నెల 25న రాజీనామా చేసి భార్య రబ్రీదేవిని ముఖ్యమంత్రిని చేశారు. 30న జైలుకు వెళ్లారు. ఇరవై అయిదు రోజుల్లో మూడు అధ్యాయాలు. నువ్వు రబ్రీదేవిని వంటింటి హాస్యంతో సరిపెట్టావు, ఆ హాస్యం అప్పటి పేపర్లలోనే పాతబడిపోయింది. ఇక 2000 నవంబర్ 15న జార్ఖండ్ వేరయింది. చాయిబాసా, దుమ్కా, దేవ్‌ఘర్, డోరండా, ఈ నాలుగు ట్రెజరీలూ అటు వెళ్లాయి, వాటి కేసులూ రాంచీ వెళ్లాయి. పట్నా రాజకీయం మీద తీర్పు రాంచీలో ఎందుకు వచ్చిందో నీ పాఠకుడికి నువ్వు చెప్పనేలేదు. 2006 డిసెంబర్‌లో ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో భార్యాభర్తలిద్దరినీ పట్నా కోర్టు నిర్దోషులన్నది. దాన్ని నువ్వు మింగేశావు. తెలియక కాదని నా అనుమానం, నీ కథకు అడ్డం వచ్చిందని.

దోషి అని తేలాక జీవితాంతం పోటీ చేయకుండా నిషేధించారని రాశావు. తప్పు. శిక్ష అయిదేళ్లు, విడుదలయ్యాక ఆరేళ్లు, మొత్తం పదకొండు. లోక్‌సభ సభ్యత్వం వెంటనే పోవడానికి కారణం 2013 జూలై 10న లిలీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అంతకుముందు ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 8(4) కింద, మూడు నెలల్లో అప్పీలు వేసుకుంటే పదవి నిలిచేది. ఆ రక్షణ మళ్లీ తెద్దామని కేంద్రం ఆర్డినెన్సు సిద్ధం చేసింది. సొంత పార్టీ రాహుల్ గాంధీయే పత్రికలవాళ్ల ముందు దాన్ని తప్పుపట్టారు, అక్టోబర్ 2న వెనక్కి తీసుకున్నారు. మర్నాడు లాలూకు శిక్ష. ఈ ఒక్క వారం రోజులవారీగా రాసినా చాలు.

ఆపైన శిక్షలు ఒకదాని మీద ఒకటి. దేవ్‌ఘర్ కేసులో మూడున్నరేళ్లు, ఆ ట్రెజరీలో మొత్తం 89.27 లక్షలు. 2018 మార్చిలో దుమ్కాకు ఏడు, ఏడు కలిపి పద్నాలుగేళ్లు. 2022 ఫిబ్రవరిలో డోరండాకు అయిదేళ్లు, అక్కడ 139.35 కోట్లు. చాయిబాసా తలుపు తెరిచిన రోజుకీ డోరండా తీర్పుకీ మధ్య ఇరవై ఆరేళ్లు. ఇవి విచారణ కోర్టుల తీర్పులు, వీటి మీద అప్పీళ్లు వేశారు, ఆయన బెయిలు మీద బయటికి వచ్చారు. ఇది కూడా రాయాలి, విసుగ్గా ఉన్నా సరే.

‘ప్రజలు వాణ్ని మరిచిపోయారు’ అన్న నీ ముగింపు చదివి మాత్రం నవ్వొచ్చింది. 2015లో, శిక్ష పడిన రెండేళ్లకు, పోటీ చేసే హక్కు లేని ఆ మనిషి పార్టీకి 243లో 80 స్థానాలు వచ్చాయి, అందరికంటే ఎక్కువ. 2020లో ఆయన రాంచీలో కస్టడీలో ఉండగా 75, మళ్లీ అందరికంటే ఎక్కువ. ఓటేసినవాళ్లకు తీర్పు తెలియదనుకున్నావా? స్వర్గం తేలేకపోయినా మీకు స్వరం ఇచ్చానని ఆయన చెప్పుకునేవారు. ఆ స్వరం అందుకున్నవాళ్లకు 37.7 కోట్లు అనే అంకె, 2013 తీర్పు వచ్చిన చాయిబాసా కేసులో పోయిన సొమ్ము, ఒక రకంగా వినబడింది, నీకూ నాకూ ఇంకో రకంగా వినబడింది. వాళ్లు మూర్ఖులని ఒక్క వాక్యంలో కొట్టేశావు. వాళ్లలో ఒకరితోనైనా మాట్లాడి తర్వాత కొట్టెయ్యి.

నువ్వు అడిగిన ప్రశ్నలు చాలానే ఉన్నాయి. పేరు మార్చి నవలగా రాయనా అన్నావు. వద్దు. పేరు మారిస్తే ఆయన చేయనివి కూడా నెత్తిన పెట్టే స్వేచ్ఛ వస్తుంది, నీలాంటి చేతికి ఆ స్వేచ్ఛ ప్రమాదం. ఏ పత్రికకు పంపాలి, ఎవరు అచ్చువేస్తారు అన్న వాటి సంగతి మరోసారి చూద్దాం.

ఒక్కటి బాగుంది. ఏడో పేజీలో నాలుగు వరుసలు. చాయిబాసా దగ్గర హో ఆదివాసీ ఊళ్లో ఒక ఆవిడ జబ్బుపడ్డ మేకను భుజాన వేసుకుని పశువైద్యశాలకు వస్తుంది, అలమారాలో అరలన్నీ ఖాళీ, కాంపౌండరు రేపు రమ్మంటాడు, మేకను కిందికి దించకుండానే తిరిగి వెళ్తుంది. దించకుండానే అని రాశావు చూడు, అక్కడ నువ్వు రచయితవి. ఇంకొకటి కూడా గమనించాను. ఆవిణ్ని నువ్వు ‘ఆమె’ అన్నావు. మనవాళ్లు అలాంటి మనిషిని మామూలుగా ‘అది’ అంటారు, అభ్యుదయ రచయితలు కూడా.

నిన్న రాత్రి నీ ప్రతి పక్కన పెట్టి, నా పాత కథ తీసి చూశాను, ఆ బహుమతి కథే. దొంగబిల్లు పెట్టిన అధికారిని మొదటి నుంచి చివరిదాకా ‘ఆయన’ అన్నాను. టీ పిల్లవాణ్ని ‘వాడు’ అన్నాను. అది సంపాదకుడి దిద్దుబాటు కాదు, చేతిరాత ప్రతి నా దగ్గరే ఉంది, నా అక్షరాలే. ఇంత పెద్ద ఉత్తరంలో నీకు పాఠం చెబుతూ పైన కూడా ‘వాడి బొటనవేలు’ అనే రాశాను, ఇప్పుడు చూసుకున్నాను. కొట్టెయ్యలేదు, అలాగే ఉంచాను.

నీ కాగితాలు ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను. ఏడో పేజీ అంచున పెన్సిలు గీత నాదే. ఆ ఆవిడకు పేరు పెట్టు. చాయిబాసా వెళ్లి రావడానికి ఖర్చులకు చాలకపోతే మొహమాటపడకుండా రాయి.

ఉంటాను.